పాత కాంక్రీట్ పంపు కొంటే వందేళ్ళ చరిత్ర కొన్నట్టే

ఈసారి రాజులు లేరు, యుద్ధాలు లేవు, కోటలు కూడా లేవు. ఒక యంత్రం ఉంది. మన వీధి చివర అపార్ట్‌మెంట్‌కి స్లాబ్ వేసే రోజు పొద్దున్నే వచ్చి, రోడ్డు సగం ఆక్రమించి, రోజంతా దడదడలాడి, చీకటి పడ్డాక వెళ్ళిపోయే కాంక్రీట్ పంపు. దాని చరిత్ర చెప్పుకుందాం. మామూలుగా యంత్రాల చరిత్ర అంటే ఎవరు కనిపెట్టారు, ఎంత ఎత్తుకు పంపింది, ఏ రికార్డు కొట్టింది అని చెప్తారు. అవీ చెప్తా. కానీ నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. పని అయిపోయాక ఆ పంపుని ఎవరు కడుగుతారు? కడగకపోతే ఏమవుతుంది?

చిన్న ప్రశ్నలా ఉంది కదా. కానీ ఈ యంత్రంలో ఏ ముఖ్యమైన భాగం తీసుకున్నా, అది అలా ఎందుకుంది అని అడిగితే సమాధానం చివరికి ఇక్కడికే వస్తుంది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో పంపు కొన్నవాళ్ళు కొనేది ఇంజనూ చక్రాలూ మాత్రమే కాదు. పాత ఓనర్ దగ్గర ఆ పంపు గడిపిన సాయంత్రాలన్నీ కొంటున్నారు. ఎలాగో చూద్దాం.

ముందు సిమెంటు గురించి ఒక్క మాట. 1824లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ మేస్త్రీ పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంట్ తీసుకున్నాడు. ఈ సిమెంటు గట్టిపడటం గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. తడి ఆరిపోతే గట్టిపడుతుంది అనుకుంటాం. కాదు. సిమెంటు నీళ్ళతో రసాయన చర్య జరిపి గట్టిపడుతుంది. అందుకే నీళ్ళ అడుగున కూడా శుభ్రంగా గట్టిపడుతుంది. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 269 ఏం చెప్తుందంటే, నీళ్ళు కలిపాక 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలుకాకూడదు, 600 నిమిషాలు దాటేలోపు పూర్తిగా బిగుసుకోవాలి. ల్యాబ్‌లో, ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర లెక్క ఇది. మన మే నెల ఎండలో ఈ గడియారం ఇంకా వేగంగా తిరుగుతుంది.

దోసెల పిండి రుబ్బాక గ్రైండర్‌ని రాత్రే కడగకపోతే పొద్దున ఎంత గీకాలో ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడ నానబెడితే వదులుతుంది. ఇక్కడ నానబెడితే ఇంకా గట్టిపడుతుంది! "రాత్రికి హాపర్‌లో నీళ్ళు పోసి వదిలేద్దాం, పొద్దున చూసుకుందాం" అనే మాట ఎన్ని పంపుల్ని తినేసిందో లెక్క లేదు.

ఇప్పుడు అసలు కథ. పంపు లేని రోజుల్లో కాంక్రీట్ పైకి ఎలా వెళ్ళేది? మనుషుల తలల మీద. మిల్లర్ దగ్గర నుంచి నాలుగో అంతస్తు దాకా వరసగా నిలబడి, ఇనప బొచ్చెలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి. మన దగ్గర ఇది నిన్నమొన్నటి మాటే, చాలా ఊళ్ళలో ఇవాళ్టి మాట కూడా. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జున సాగర్‌ని రాతి కట్టడంగా కట్టారు. అప్పటికి యూరప్‌లో కాంక్రీట్ పంపు పుట్టి పాతికేళ్ళు దాటింది. మన దగ్గర సిమెంటు ఖరీదు, యంత్రాలు ఖరీదు, మనుషులు మాత్రం ఉన్నారు. రాయి మోసింది వాళ్ళే. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక జర్మనీకి వెళ్దాం. 1927లో మాక్స్ గీజె, ఫ్రిట్జ్ హెల్ అనే ఇద్దరు ఇంజనీర్లు కాంక్రీట్‌ని పంపుతో తోశారు. 38 మీటర్ల ఎత్తుకి, 120 మీటర్ల దూరానికి. నీళ్ళని పంపు చెయ్యడం మనిషికి ఎప్పటి నుంచో తెలుసు. మరి కాంక్రీట్‌తో కష్టం ఏంటి? నీళ్ళ పంపులో వాల్వ్ గట్టిగా మూసుకుంటుంది, తెరుచుకుంటుంది, అంతే. కాంక్రీట్‌లో కంకర ఉంటుంది. వాల్వ్ మూసుకునే చోట సరిగ్గా ఒక 20 ఎంఎం రాయి ఇరుక్కుంటే? రాయి పగలాలి, లేదా వాల్వ్ విరగాలి. రెండూ జరగకపోతే పంపు ఆగాలి. పంపు ఆగిందంటే లోపల ఉన్నది గట్టిపడటం మొదలైనట్టే.

1932లో నెదర్లాండ్స్‌లో కూయ్‌మన్ అనే ఆయన మెరుగైన పంపుకి పేటెంట్ తీసుకున్నాడు. ఆ తరం మెకానికల్ పంపుల్లో ఒక తమాషా ఉంది. వాటి వాల్వులు కావాలనే పూర్తిగా మూసుకోవు. కాంక్రీట్‌లో ఉన్న అతి పెద్ద రాయి పట్టేంత సందు ఎప్పుడూ ఉంచుతారు. కొంచెం వెనక్కి కారినా పర్లేదు, ఇరుక్కోకూడదు. అప్పటి ఇంజనీర్లకి సామర్థ్యం కన్నా ఆగకపోవడం ముఖ్యం. 1930ల్లోనే అమెరికాలో మిల్వాకీకి చెందిన చెయిన్ బెల్ట్ కంపెనీ రెక్స్ పంప్‌క్రీట్ పేరుతో ఈ పంపుల్ని అమ్మింది.

అయినా ఆ పంపులు మొండివి. ఒకే పిస్టన్, క్రాంక్ షాఫ్ట్‌తో ముందుకీ వెనక్కీ. ముందు పైపులో అడ్డం పడినా క్రాంక్ తన పాటికి తాను తిరుగుతూనే ఉంటుంది, ఏదో ఒకటి విరిగేదాకా. అసలు మలుపు 1950ల చివర్లో వచ్చింది. జర్మనీలోని ష్వింగ్ కంపెనీ 1957లో రెండు సిలిండర్ల హైడ్రాలిక్ పంపు తెచ్చింది. ఒక పిస్టన్ హాపర్ నుంచి కాంక్రీట్‌ని లాక్కుంటుంటే రెండోది పైపులోకి తోస్తుంది. తర్వాత తారుమారు. ఇవాళ మనం చూసే పంపులు చాలావరకు ఈ కుటుంబానివే. హైడ్రాలిక్‌తో వచ్చిన గొప్ప లాభం, ఒత్తిడి మరీ పెరిగితే ఆయిల్ రిలీఫ్ వాల్వ్ గుండా వెళ్ళిపోతుంది, ఇనుము విరగదు. ఇంకో లాభం రివర్స్. అడ్డం పడిందా, రెండు మూడు స్ట్రోకులు వెనక్కి లాగు, మళ్ళీ తొయ్యి.

ఈ డిజైన్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది. బయటికి అస్సలు కనపడదు. హైడ్రాలిక్ సిలిండర్‌కీ కాంక్రీట్ సిలిండర్‌కీ మధ్య ఒక నీళ్ళ పెట్టె ఉంటుంది. వాటర్ బాక్స్ అంటారు. పిస్టన్ ముందుకి వెళ్ళినప్పుడు దాని వెనకాలే ఈ నీళ్ళు సిలిండర్‌లోకి వెళ్తాయి. గోడని తడుపుతాయి, చల్లబరుస్తాయి, రబ్బరు పక్కనుంచి జారిపోయిన సిమెంటు పాలని కడిగేస్తాయి. ప్రతి స్ట్రోక్‌కీ. అంటే కడగడం అనేది సాయంత్రం చేసే పని మాత్రమే కాదు, కడుగుతూ పనిచేసేలాగే ఈ యంత్రాన్ని పుట్టించారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు మన పెద్దలు. పంపుకి ఆ సామెత వర్తించదు. అడుసు తొక్కడమే దాని ఉద్యోగం.

కడగడం తేలిక చెయ్యాలని ఇంకో దారి కూడా వెతికారు. మందపాటి రబ్బరు ట్యూబ్‌ని రోలర్లతో పిండుతూ కాంక్రీట్ తోసే పంపులు వచ్చాయి. టూత్‌పేస్ట్ ట్యూబ్ నొక్కినట్టు. వాల్వులే లేవు, ఇరుక్కునే చోటే లేదు. ఒక్క ఇబ్బంది ఏంటంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకోలేవు. ఎత్తైన భవనాలకి పిస్టన్ పంపే నిలబడింది. ఆ పిస్టన్ పంపులకి తర్వాత ఎస్ ఆకారంలో ఉండే పైపు వాల్వ్ వచ్చింది. హాపర్ లోపల, కాంక్రీట్‌లో మునిగి, ఈ సిలిండర్ నుంచి ఆ సిలిండర్‌కి రెప్పపాటులో ఊగే పైపు. జర్మనీలోనే 1958లో కార్ల్ ష్లెక్ట్ మొదలుపెట్టిన పుట్జ్‌మైస్టర్ కంపెనీ తన వాల్వ్‌ని ఏనుగు తొండంతో పోల్చుకుంది. చూస్తే నిజంగా తొండం ఊపినట్టే ఉంటుంది. రాయి అడ్డం వచ్చినా నరుక్కుంటూ పోయేంత బలంగా ఊగుతుంది. ఈ బలం సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

మన దేశానికి వద్దాం. 1998లో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ష్వింగ్ స్టెటర్ ఇండియా మొదలైంది. తర్వాత పుట్జ్‌మైస్టర్ గోవాలో ఫ్యాక్టరీ పెట్టింది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు టవర్లు లేచిన ఆ కాలంలోనే పంపు మన కంటికి మామూలు వస్తువైపోయింది. రికార్డులూ వచ్చాయి. 2008లో దుబాయ్ బుర్జ్ ఖలీఫాలో 606 మీటర్ల ఎత్తుకి కాంక్రీట్ పంపు చేశారు. ఆ మరుసటి ఏడాదే, 2009 ఆగస్టు 7న, మన హిమాచల్ ప్రదేశ్‌లో పార్వతి జలవిద్యుత్ ప్రాజెక్ట్ దగ్గర, సూయింద్ ఊరి సమీపంలో, నిలువునా 715 మీటర్లకి పంపారు. దీని గురించి మన దగ్గర ఎంతమందికి తెలుసు? 606 మీటర్ల ఎత్తు కాంక్రీట్ బరువుకే పైపు అడుగున దాదాపు 140 బార్ల ఒత్తిడి ఉంటుంది. మన కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. అంత ఒత్తిడిలో, అంత పొడవైన పైపులో పని ఆగిపోతే ఏంటి పరిస్థితి అని ఆలోచిస్తే, రికార్డు కన్నా ఆ రాత్రి పైపుని శుభ్రం చేసినవాళ్ళకే దండం పెట్టాలనిపిస్తుంది.

కడగడానికి కుదరని పంపులు కూడా చరిత్రలో ఉన్నాయి. 1986లో చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలాక దాన్ని కాంక్రీట్‌తో కప్పెట్టడానికి పుట్జ్‌మైస్టర్ పంపులు వాడారు. 2011లో ఫుకుషిమా ప్రమాదం జరిగినప్పుడు నాలుగో రియాక్టర్‌లో వాడేసిన ఇంధనం ఉంచే కొలనుకి నీళ్ళు అందించాలి. దగ్గరికి మనిషి పోలేడు. 58 మీటర్ల బూమ్ ఉన్న కాంక్రీట్ పంపు తెచ్చి, మార్చి 22 నుంచి కాంక్రీట్ బదులు నీళ్ళు కొట్టించారు. జపాన్ వాళ్ళు దానికి జిరాఫీ అని ముద్దుపేరు పెట్టారు. తర్వాత అమెరికా నుంచి ఇంకా పెద్ద పంపుల్ని విమానంలో పంపించారు. అవి రేడియేషన్ వల్ల ఇక తిరిగి రావని అప్పటి వార్తల్లోనే రాశారు. జీవితమంతా నీళ్ళతో శుభ్రపడిన యంత్రానికి నీళ్ళతో పోని మురికి అంటుకుంది.

సరే, మామూలు మురికి దగ్గరికి వద్దాం. అసలు నేను ఈ ఎపిసోడ్ చెయ్యడానికి కారణం మా బావ. సెంట్రింగ్ కాంట్రాక్టులు చేసుకునే మనిషి, ఈమధ్య ఫైనాన్స్‌లో ఒక పాత పంపు తీసుకున్నాడు. ట్రైలర్‌లా లాక్కెళ్ళే డీజిల్ పంపు, బూమ్ లేదు, పైపులైన్ వేసుకోవాలి. పెయింట్ తళతళలాడుతోంది. అది తెచ్చిన మర్నాడు నేను కూడా కెమెరా పట్టుకుని వెళ్ళా. బావ ఒక పెద్ద మెకానిక్‌ని పిలిపించాడు, పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి.

"ఏం మేస్త్రీ, ఇంజన్ స్టార్ట్ చెయ్యమంటావా?" అన్నాడు బావ.

"ఇంజన్ తర్వాత చూద్దాం సార్. ముందుగాల నీళ్ళ డబ్బా మూత తియ్యుండ్రి."

మూత తీస్తే అడుగున సిమెంటు గడ్డ, చెట్టు కాండంలో వలయాల్లాగా పొరలు పొరలుగా. ఆయన స్క్రూడ్రైవర్‌తో గీకి చూపించాడు. నీళ్ళ పెట్టెలో సిమెంటు ఉందంటే పిస్టన్ రబ్బర్లు ఎప్పుడో అరిగిపోయాయి, పాలు వెనక్కి జారుతున్నాయి, అయినా తోలుకుంటూ వచ్చారు. నీళ్ళ మీద నూనె తెట్టు కనపడితే హైడ్రాలిక్ రాడ్డు సీలు పోయిందని. అదే సీలు గుండా నీళ్ళు అటువైపు పోతే హైడ్రాలిక్ ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. ఇదంతా ఐదు నిమిషాల్లో, ఇంజన్ ముట్టుకోకుండా. నేను కంపెనీలో పనిచేసేటప్పుడు ఎవరో రాసి వెళ్ళిపోయిన కోడ్‌ని తెరిచి, లాగ్స్ చదివి, ఎక్కడ అడ్డదారి తొక్కారో పట్టుకునేవాళ్ళం. ఈ మేస్త్రీ చదివింది కూడా లాగ్ ఫైలే. పెయింట్ వేసినవాళ్ళు దాన్ని డిలీట్ చెయ్యడం మర్చిపోయారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఆ తర్వాత ఆయన వరసగా చూపించినవి చెప్తా, పాత పంపు తీసుకునేవాళ్ళకి పనికొస్తాయి. హాపర్ లోపల రెండు సిలిండర్ల మూతుల దగ్గర కళ్ళజోడు ఆకారంలో ఒక వేర్ ప్లేట్ ఉంటుంది. దాని మీద ఎస్ పైపు చివరి కటింగ్ రింగ్ రాసుకుంటూ తిరుగుతుంది. రెండిటి మధ్య సందు పెరిగితే ఒత్తిడి వచ్చినప్పుడు సిమెంటు పాలు అక్కడే కారిపోతాయి, కంకర మిగిలిపోతుంది, పైపు జామ్ అవుతుంది. చాలామంది "కాంక్రీట్ బాగాలేదు" అని ప్లాంట్‌ వాళ్ళ మీద పడతారు, దోషం ఇక్కడ ఉండొచ్చు. కాంక్రీట్ సిలిండర్ల లోపలి గోడకి క్రోమ్ పూత ఉంటుంది. అది గీరుకుపోతే కింద ఇనుము తుప్పు పట్టి, కొత్త రబ్బరు వేసినా గరగరా కొరికేస్తుంది. పైపుల్ని చిన్న సుత్తితో తట్టి వినాలి, ఇంకా మంచిది మందం కొలిచే మీటర్ పెట్టి చూడటం. ముఖ్యంగా వంపుల్లో బయటి వైపు. అరిగిన పైపు చూడటానికి కొత్తదానిలానే ఉంటుంది, పగిలే రోజు వరకూ.

పైపు లోపల శుభ్రంగా ఉండటం ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. కాంక్రీట్ పైపులో నీళ్ళలా పారదు. మధ్యలో ఒక ముద్ద మొత్తంగా జారుతుంది, గోడ పక్కన పల్చటి సిమెంటు పాల పొర నూనెలా పనిచేస్తుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు సిమెంటు పాలు కలిపి పైపులోకి తోలుతారు. నిన్నటి కాంక్రీట్ గోడకి గరుకుగా అంటుకుని ఉంటే ఆ పల్చటి పొర తెగిపోతుంది. ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే అరుగుదల పెరుగుతుంది. నిన్న మిగుల్చుకున్న అరగంట ఇవాళ వడ్డీతో సహా కట్టాలి.

మరి కడగడం ఎలా? కాంక్రీట్ అయిపోవచ్చిందనగానే మొదలుపెట్టాలి, అయిపోయాక కాదు. చివరి బండి ఖాళీ అయ్యేసరికి నీళ్ళు, గొట్టం, స్పాంజి బంతి సిద్ధంగా ఉండాలి. 125 ఎంఎం పైపు 100 మీటర్లు ఉంటే దాని కడుపులో 1.2 ఘనపు మీటర్ల కాంక్రీట్ ఉంటుంది, దాదాపు 3 టన్నులు. అది ఎక్కడ పొయ్యాలో ముందే ఆలోచించుకోవాలి. ముందుగా రెండు మూడు స్ట్రోకులు రివర్స్ కొట్టి లైన్‌లో ఒత్తిడి తీసెయ్యాలి. ఒత్తిడి ఉండగా క్లాంప్ విప్పకూడదు. తర్వాత తడిపిన స్పాంజి బంతిని పెట్టి, నీళ్ళతో తోసి పైపు ఖాళీ చెయ్యాలి. హాపర్ కింద తలుపు తీసి, ఎస్ పైపు వెనక వైపు, సిలిండర్ మూతులు, ఆజిటేటర్ రెక్కలు, క్లాంపుల గాడులు, రబ్బరు వాషర్లు అన్నీ. నీళ్ళ పెట్టెలోని నీళ్ళు వదిలెయ్యాలి. ఆఖర్న గ్రీజు. పాత గ్రీజుతో పాటు లోపలికి దూరిన సిమెంటు పాలు బయటికి వచ్చేదాకా కొట్టాలి. కొత్త గ్రీజు కనపడ్డాకే ఆపాలి.

ఆ కడిగిన నీళ్ళు నాలాలోకి వదలకండి. గుంట తీసి ప్లాస్టిక్ పట్టా పరిచి అందులోకి వదలండి. అవి గాఢమైన క్షారం, పైగా నాలాలో పేరుకుని అక్కడే గట్టిపడతాయి. తర్వాత వానాకాలంలో వీధి మునిగితే మనమే తిట్టుకుంటాం.

గట్టిపడిపోయినదాన్ని ఏం చెయ్యాలి అంటే చాలామంది యాసిడ్ అంటారు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ సిమెంటుని కరిగిస్తుంది, నిజమే. సిలిండర్‌లోని క్రోమ్ పూతని కూడా తినేస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. అంతకన్నా మన పెద్దలకి తెలిసిన పదార్థం ఒకటుంది. పాత సున్నపు కట్టడాల్లో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపేవారు. అదే చక్కెర పోర్ట్‌లాండ్ సిమెంటులో కొంచెం పడితే చాలు, బిగుసుకోవడం బాగా ఆలస్యమవుతుంది. పంపు మధ్యలో చెడిపోయి మెకానిక్ వచ్చేదాకా ఆగాల్సి వస్తే పనికొస్తుందని సైట్లలో చక్కెర సంచి ఉంచుకునేవాళ్ళు ఉన్నారు. ఆ కాంక్రీట్ మాత్రం పారబొయ్యాల్సిందే, స్లాబ్‌లోకి పోకూడదు.

ఇప్పుడు గుర్తుపెట్టుకోమన్న ఆ ఎస్ పైపు బలం సంగతి. దాన్ని అంత వేగంగా ఊపడానికి నైట్రోజన్ గ్యాస్ నింపిన అక్యుమ్యులేటర్ అనే సిలిండర్‌లో ఒత్తిడి నిలవ ఉంచుతారు. ఇంజన్ ఆపేసినా ఆ ఒత్తిడి అలాగే ఉండొచ్చు. అంటే ఇంజన్ నిశ్శబ్దంగా ఉంది కదా అని హాపర్‌లో చెయ్యి పెట్టి గడ్డ తీస్తుంటే, ఆ పైపు ఒక్కసారి ఊగొచ్చు. అది కంకరని నరికే పైపు. కంపెనీలు అందుకే హాపర్ పైన జాలీ పెట్టి, జాలీ ఎత్తితే పంపు ఆగిపోయేలా స్విచ్ పెట్టాయి. గేజ్ సున్నా చూపించేదాకా అక్యుమ్యులేటర్ ఒత్తిడి వదలాలని మాన్యువల్‌లో రాస్తాయి.

మా బావ కొన్న పంపులో మేస్త్రీ ఆ స్విచ్ చూపించాడు. రెండు వైర్లూ కలిపి టేపు చుట్టి ఉంది. జాలీ తెరిచినా పంపు నడుస్తుంది. అమ్మినవాళ్ళు చేశారో, అంతకు ముందువాళ్ళు చేశారో. టెస్ట్ ఫెయిల్ అవుతోందని టెస్టునే కామెంట్ చేసేసినట్టు. అప్పటిదాకా రబ్బర్లకి ఎంత, ప్లేటుకి ఎంత అని లెక్కలేసుకుంటున్న బావ అక్కడ ఆగిపోయాడు. ఎందుకంటే రేపు సాయంత్రం హాపర్‌లో దిగి కడిగేది బావ కాదు. హెల్పర్ కుర్రాడు, పద్దెనిమిది పందొమ్మిదేళ్ళుంటాయి. ముందు ఆ స్విచ్ బాగుచేయించాకే మిగతా పని అన్నాడు. ఆ రోజు నాకు బావ మీద గౌరవం పెరిగింది.

ఇంకో ప్రమాదం గాలితో కడగడం. కంప్రెసర్ గాలితో స్పాంజి బంతిని తోస్తే పని త్వరగా అయిపోతుంది. కానీ 125 ఎంఎం పైపులో 6 బార్ల గాలి ఆ బంతి మీద చూపే బలం దాదాపు 750 కిలోలు. నీళ్ళకి నొక్కుడు స్వభావం లేదు, వదిలేస్తే ఒత్తిడి పడిపోతుంది. గాలి నొక్కిపెట్టిన స్ప్రింగ్ లాంటిది. చివర్లో అడ్డం విడిపోయిందంటే రబ్బరు గొట్టం పాములా లేచి కొడుతుంది. తప్పక గాలి వాడాల్సి వస్తే తెలిసినవాడే చెయ్యాలి, చివర బంతిని పట్టే బుట్ట ఉండాలి, ఆ చుట్టుపక్కల ఒక్క మనిషి ఉండకూడదు. ఇక చేతులు. తడి సిమెంటు ఒంటికి తగిలిన వెంటనే మండదు, అందుకే పట్టించుకోరు. సాయంత్రానికి చర్మం కాలిపోతుంది. రబ్బరు గ్లవ్స్, గమ్ బూట్లు పంపుతో పాటు కొనాల్సిన సామానే.

ఇంతకీ తెలిసి తెలిసి ఎందుకు కడగరు? నేను నలుగురైదుగురు పంపు ఓనర్లని అడిగా. అందరి మాటల్లోనూ ఒకటే వినిపించింది. బిల్లు ఘనపు మీటరు లెక్కన వస్తుంది. ఎంత కాంక్రీట్ పోస్తే అంత డబ్బు. కడిగే గంటన్నరకి రేటు లేదు. పైగా సైట్‌ వాళ్ళు "త్వరగా బండి తియ్యండి, రోడ్డు బ్లాక్ అయింది" అంటారు. రాత్రికి ఇంకో సైట్ ఉంటుంది. ఈఎంఐ తేదీ ఎదురుగా ఉంటుంది. అందరి కన్నా కింద ఉన్న హెల్పర్‌కి ఆ గంటన్నర ఓవర్‌టైమ్ కూడా కాదు.

అక్కడే ఈ చరిత్ర నాకు విచిత్రంగా అనిపిస్తుంది. కూయ్‌మన్ వాల్వ్‌లో సందు వదిలాడు, ష్వింగ్ పంపుల్లో నీళ్ళ పెట్టె వచ్చింది, ఎవరో జాలీకి స్విచ్ పెట్టారు. వందేళ్ళుగా ఇంజనీర్లు కడగడాన్ని యంత్రం లోపల భాగం చేస్తూ వచ్చారు. మనం మాత్రం దాన్ని బిల్లు బయట పెట్టేశాం. నాగార్జున సాగర్ రోజుల్లో రాయి మోసిన మనిషి శ్రమ చవక కాబట్టి యంత్రం రాలేదు. ఇవాళ యంత్రం వచ్చింది, దాన్ని కడిగే మనిషి శ్రమని ఇంకా చవకగానే లెక్కేస్తున్నాం. లెక్కలో లేని పని ముందు ఆలస్యమవుతుంది, తర్వాత సగం అవుతుంది, తర్వాత స్విచ్ వైర్లు కలిపేసి చేస్తారు.

కాబట్టి పాత పంపు కొన్న కొత్త ఓనర్లకి ఒక్క మాట. రబ్బర్లు, వేర్ ప్లేట్, కటింగ్ రింగ్, ఇవన్నీ ఎలాగూ మారుస్తారు. దాంతో పాటు కొటేషన్‌లో ఒక లైను కలపండి: శుభ్రం చేసే సమయం, ఇంత. కడగడానికి స్థలం, నీళ్ళు సైట్ వాళ్ళే ఇవ్వాలని రాయించుకోండి. ఆ గంటన్నరకి హెల్పర్‌కి కూలి కట్టివ్వండి. మొదట్లో బేరం ఆడతారు, ఒకటి రెండు ఆర్డర్లు పోవచ్చు కూడా. మా బావకి ఒకటి పోయింది. రెండోవాళ్ళు ఒప్పుకున్నారు.

మిగతావాళ్ళకి, ఇల్లు కట్టిస్తున్నవాళ్ళకి ముఖ్యంగా: స్లాబ్ పూర్తయ్యాక పంపు వాళ్ళు ఇంకో గంట ఉంటామంటే తొందరపెట్టకండి. నీళ్ళ ట్యాంకర్‌లో కొంచెం మిగల్చండి. హాపర్ జాలీ తెరిచి ఉండగా ఇంజన్ నడుస్తుంటే మాత్రం ఆపమని అడగండి. మీ సైటే కదా, అడిగే హక్కు మీకుంది.

పంపు పక్కన నిలబడి పనిచేసిన అనుభవం మీకెవరికైనా ఉంటే రాసి పంపండి, వీలైతే మీతో ఒక ఎపిసోడ్ చేద్దాం. వచ్చేవారం మిల్లర్ కథ చెప్పుకుందాం. ఉంటాను మరి, నమస్తే.